మంచివాళ్లమని రాసిచ్చిన కాగితం

మా కోహెడ దిక్కు నుంచి పట్నం పోయే బస్సులు చాలావరకు దిల్‌సుఖ్‌నగర్ మీదుగానే పోతాయి. కాలేజీకి పోయే పిల్లలు, అడ్డా మీద కూలికి నిలబడేవాళ్లు, దవాఖానకు పోయే ముసలివాళ్లు అందరికీ అదే తొవ్వ. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడ బస్టాపు దగ్గర, మిర్చి సెంటర్ దగ్గర రెండు బాంబులు పేలాయి. 18 మంది చచ్చిపోయారు. ఆ సాయంత్రం ఊరంతా ఫోన్లు పట్టుకుని కూర్చుంది. మేమూ కూర్చున్నాం. రాత్రికల్లా మా పిల్లలు క్షేమమని తెలిసింది. మిగతా ఇళ్లలో భయం అక్కడితో తీరిపోయింది. మా ఇళ్లలో రెండో భయం అక్కడ మొదలయింది.

టీవీ ముందు కూర్చుని మేం చేసిన దువా ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. చచ్చిపోయినవాళ్ల కోసం చేయాల్సిన దువా అది కాదు. ‘యా అల్లా, బాంబు పెట్టినవాడి పేరు మా పేరు కాకుండా చూడు’ అని చేశాం. శవాలు ఇంకా మార్చురీకి చేరకముందే మేం మా గురించి ఆలోచించాం. మమ్మల్ని ఇంత స్వార్థపరులుగా ఎవరు చేశారు? ఆ కేసులో 2016లో ఐదుగురికి ఉరిశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. వాళ్ల పేర్లు మా పేర్లలాంటివే. ఈ మాట దాచుకుని మేం ఈ వ్యాసం రాయడం లేదు. బస్టాపులో నిలబడ్డ మనిషిని చంపినవాడికి మా దీన్‌లో చోటు లేదు. కానీ ఆ మాట మేం ఎందుకు చెప్పాల్సి వస్తోంది? మా పక్కింటి రెడ్డిగారినో గౌడ్‌గారినో ఆ మాట చెప్పమని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

ఆపద వేళ కోసమని తెచ్చిన చట్టం రోజూ తినే బువ్వ ఎట్లా అయింది? అది మా లోపల ఏం చేసింది, మీ లోపల ఏం చేసింది? మా ప్రశ్న ఇదే. చట్టాల గురించి వకీళ్లు రాస్తారు. మేం చట్టం తగిలిన చోట గురించి రాస్తున్నాం.

ముందు ఒక పేరు గురించి చెప్పాలి. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం ట్యాంకులతో, విమానాలతో హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. తర్వాత ఏడాదికి పైగా మిలిటరీ గవర్నర్ పాలించాడు. దానికి పెట్టిన పేరు ‘పోలీసు చర్య’. దొంగను పట్టుకోవడానికి సిపాయి వచ్చినట్టు! రజాకార్లు చేసిన దుర్మార్గాలు నిజం. వాటికి మేం వకాల్తా పుచ్చుకోం. ఆ తర్వాత జరిగిన హత్యాకాండ కూడా నిజం. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చచ్చిపోయారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల తరబడి బీరువాలో పెట్టి తాళం వేశారు. మా అవ్వలు మాత్రం ఆ పేరు వాడలేదు. వాళ్లు ‘గడ్‌బడ్’ అన్నారు, లేకపోతే నోరు మూసుకున్నారు. అసాధారణమైన దానికి సాధారణమైన పేరు పెట్టడం మాకు అప్పటి నుంచీ తెలుసు. పేరు సాధారణమైతే చాలు, మిగతాదంతా దాని వెనకే నడిచివస్తుంది.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నెలకే, 1950 ఫిబ్రవరిలో, ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. ఏడాదికే అన్నారు. 1969 చివరి దాకా ఉంది. 1971లో మీసా వచ్చింది. ఎమర్జెన్సీలో ఆ మీసా కింద ఎవరెవరిని లోపల వేశారో అందరికీ తెలుసు. జమాతే ఇస్లామీని, ఆర్.ఎస్.ఎస్.ను ఒకే దెబ్బకు నిషేధించారు. అప్పుడు జైళ్లలో మగ్గిన పెద్దమనుషులే తర్వాత అధికారంలోకి వచ్చి 2002 మార్చిలో పార్లమెంటు ఉభయ సభలనూ కలిపి కూచోబెట్టి పోటా పాస్ చేయించారు. జైలు మనిషికి ఏం నేర్పుతుందో మాకు ఇప్పటికీ అంతుబట్టదు.

టాడా గురించి కాస్త ఆగి చెప్పాలి. 1985లో పంజాబ్ పేరు చెప్పి రెండేళ్ల కోసం తెచ్చారు. రెండేళ్లకోసారి పొడిగిస్తూ పోయారు. పంజాబ్ కోసం తెచ్చిన చట్టం టెర్రరిజం జాడ లేని గుజరాత్‌లో వేలమందిని పట్టుకుంది. మా దగ్గర నక్సలైట్ల పేరుతో పల్లెల మీద పడింది. బాబ్రీ మసీదు కూలిన తర్వాత మా గల్లీలకు వచ్చింది. దానికి ముందు పోలీసు దగ్గర ఇచ్చిన వాంగ్మూలం కోర్టులో చెల్లదు. తెల్లవాడు కూడా మన పోలీసును నమ్మక పెట్టిన నియమం అది. టాడా వచ్చి, ఎస్పీ దగ్గర ఒప్పుకుంటే చాలు, సాక్ష్యమే అంది. లాఠీకి సంతకం చేయించే హక్కు వచ్చింది. దేశమంతా 76 వేల మందికి పైగా పట్టుకుంటే శిక్షలు పడింది నూటికి ఇద్దరికి కూడా కాదు. 1995లో జాతీయ మానవహక్కుల కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ రంగనాథ్ మిశ్రా దీన్ని పొడిగించవద్దని ఎంపీలకు ఉత్తరం రాశారు. ఆ మే నెలలో టాడా గడువు తీరి చచ్చిపోయింది.

చచ్చిపోయిందా? గుల్బర్గాలో ఫార్మసీ చదువుతున్న ఒక కుర్రాడిని 1994 జనవరిలో పట్టుకుని హైదరాబాద్ తెచ్చారు. బాబ్రీ కూల్చివేతకు ఏడాది నిండిన వేళ రైళ్లలో బాంబులు పేలిన కేసు అతని మీద పడింది. పోలీసుల ముందు ఇచ్చాడన్న ఒప్పుకోలు మీదే కేసంతా నిలబడింది. సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషి అని వదిలింది 2016 మేలో. ఇరవై ఏళ్ల వయసులో లోపలికి పోయినవాడు నలభై దాటి బయటకు వచ్చాడు. చట్టం 1995లో చచ్చిపోయింది, అది పట్టుకున్న మనిషిని మాత్రం ఇంకో 21 ఏళ్లు వదల్లేదు.

తాత్కాలికం అంటే మా ఊరికి బాగా తెలుసు. 2020లో కరోనా రోజుల్లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను తాత్కాలికంగా కోహెడకు తెచ్చారు. రేకుల షెడ్లు వేశారు. మామిడికాయల లారీలు వరసకట్టాయి. మే నెలలో ఒక గాలివాన వచ్చింది. షెడ్లు కూలిపోయాయి, జనానికి దెబ్బలు తగిలాయి, మార్కెట్ మళ్లీ వెళ్లిపోయింది. తాత్కాలికంగా కట్టింది ఒక గాలికి పడిపోతుంది, అది దాని ధర్మం. తాత్కాలికంగా కట్టిన చట్టాలు మాత్రం ఏ గాలికీ పడవు. ప్రభుత్వాలు పడిపోయాయి, పార్టీలు చీలిపోయాయి, రాష్ట్రాలు విడిపోయాయి, ఆ షెడ్లు మాత్రం అట్లానే ఉన్నాయి.

ఉండటమే కాదు, గట్టిపడ్డాయి. ఇక్కడే మా సెక్యులర్ మిత్రులతో మాకు పేచీ. పోటా రద్దు చేస్తామంటే మేం 2004లో లైన్లలో నిలబడి ఓట్లు వేశాం. రద్దు చేశారు, మాట నిలబెట్టుకున్నారు, మేం మిఠాయిలు పంచుకున్నాం. అదే వేళ 1967 నాటి ‘ఉపా’ చట్టాన్ని తీసి, పోటాలోని టెర్రరిజం అధ్యాయాన్ని దానిలో కలిపి కుట్టేశారు. పోలీసు ముందు ఒప్పుకోలును మాత్రం వదిలేశారు, అది ఒప్పుకోవాలి. కానీ దాంతోపాటు ఇంకొకటి కూడా వదిలేశారు. గడువు! టాడాకు రెండేళ్ల గడువుండేది. పోటాకు మూడేళ్లు. గడువుంటే కనీసం ఎవరో ఒక మంత్రి లేచి, ఇంకా ఎందుకు కావాలో చెప్పాలి. ఎవరో ఒక ఎంపీ అడ్డు చెప్పాలి. ఎవరో ఒక జడ్జి ఉత్తరం రాయాలి. టాడా పోయింది ఆ సందు లోంచే. ‘ఉపా’లో ఆ సందు మూసేశారు. మూసింది మేం ఓట్లు వేసినవాళ్లు. పోటా శవాన్ని మాకు చూపించి, ప్రాణాన్ని ఇంకో ఒంట్లో పెట్టారు.

2008 నవంబర్‌లో బొంబాయి మీద దాడి జరిగింది. డిసెంబర్‌లో అదే ప్రభుత్వం ‘ఉపా’ను మళ్లీ బిగించింది. చార్జిషీటు లేకుండా 180 రోజులు లోపల ఉంచవచ్చు. పోలీసు కాగితాలు చదివి ఆరోపణ పైకి నిజంలాగే కనిపిస్తోందని జడ్జికి తోస్తే బెయిలు ఇవ్వకూడదు. నేరం రుజువు కావడం సంగతి తర్వాత. 2019లో వచ్చిన సవరణ ఇంకో అడుగు వేసింది. సంస్థనే కాదు, ఒక్క మనిషిని కూడా, కోర్టులో విచారణ లేకుండానే, టెర్రరిస్టు అని గెజిట్‌లో రాయవచ్చు. 2016 నుంచి 2020 దాకా ఈ చట్టం కింద నిందితులు 24,134 మంది అని, శిక్షలు పడినవాళ్లు 212 మంది అని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. మిగతావాళ్ల రోజులు ఎవరి ఖాతాలో రాయాలి?

అయితే చట్టం ఉంటేనే ఇదంతా జరుగుతుందనుకుంటే పొరపాటు. 2007 మే 18 జుమా రోజు మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది చచ్చిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. ఆ తర్వాత, ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ల తర్వాత, పాతబస్తీ పిల్లలను పదుల సంఖ్యలో ఎత్తుకుపోయారు. కరెంటు షాకులు పెట్టారని, ఊరి బయట గుర్తు తెలియని చోట్ల రోజుల తరబడి ఉంచారని ఆ పిల్లలు చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ వాళ్లను కలిసి రాసిన నివేదిక ఉంది. అప్పటికి టాడా లేదు. పోటా లేదు. చేతికి మాత్రం అలవాటుంది. కత్తి లాగేసుకున్నా నరికే తీరు చేతికి గుర్తుంటుంది. చట్టం చేసే అసలు పని అదేనని మాకు అనిపిస్తుంది. అది చేతికి తర్ఫీదు ఇస్తుంది. తర్ఫీదు అయిపోయాక చట్టం ఉన్నా లేకున్నా ఒకటే.

మక్కా మసీదు కేసు తర్వాత సీబీఐకి, ఎన్ఐఏకు పోయింది. హిందుత్వ ముఠాకు చెందినవాళ్లని కొందరి మీద చార్జిషీటు వేశారు. 2018 ఏప్రిల్ 16న కోర్టు వాళ్లలో ఐదుగురిని సాక్ష్యం లేదని వదిలేసింది. సాక్ష్యం లేకపోతే వదలాల్సిందే. అది ఎవరికైనా వర్తించాలి. మసీదులో నమాజు చేస్తూ చచ్చిపోయినవాళ్లను చంపింది ఎవరు అన్న ప్రశ్నకు మాత్రం ఈ దేశం దగ్గర జవాబు లేదు.

ఇక కాగితం సంగతి. 2012 జనవరిలో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం ఆ పిల్లలకు పరిహారం ఇచ్చింది. కోర్టులు నిర్దోషులని వదిలిన 20 మందికి తలా మూడు లక్షలు, పట్టుకుని వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. మొత్తం 70 లక్షలు. దాంతోపాటు మంచి నడవడిక ఉన్నవాళ్లని సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. ఉద్యోగానికి పోతే, ఇల్లు కిరాయికి అడిగితే చూపించుకోవడానికి. ఈ దేశంలో ఒక ప్రభుత్వం ముస్లిం పిల్లలకు తప్పయిందని ఒప్పుకోవడానికి అంత దగ్గరగా వచ్చింది అదొక్కసారే అనుకున్నాం. సంతోషపడ్డాం కూడా. 2013 సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన డబ్బు ఇవ్వడానికి వీల్లేదంది. ఇచ్చినది వెనక్కి రాబట్టమంది.

డబ్బు సంగతి వదిలేయండి. ఆ సర్టిఫికెట్ సంగతే మమ్మల్ని ఇన్నేళ్లుగా పట్టి ఊపుతోంది. మంచివాడని రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని తిరిగేవాడు మంచివాడే అనుకుందాం. మరి ఆ కాగితం లేని మా సంగతేమిటి? మమ్మల్ని ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు కాబట్టి మాకు ఎవరూ రాసివ్వలేదు. పట్టుకుని, కొట్టి, వదిలేస్తే గాని మా మంచితనం రికార్డుకెక్కదా? చట్టం ప్రకారం ప్రతి మనిషీ నేరం రుజువయ్యేదాకా నిర్దోషి. మా విషయంలో నిర్దోషిత్వం అనేది పుట్టుకతో వచ్చేది కాదు, ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే వచ్చేది. రేషన్ కార్డులాగా.

ఇక్కడ మేం మమ్మల్ని కూడా నిలదీసుకోవాలి. లేకపోతే ఇది ఏడుపుగా మిగిలిపోతుంది.

2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలను ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లోనే కాల్చి చంపారు. ఆయుధాలు లాక్కోబోయారన్నారు పోలీసులు. వ్యాన్‌లో శవాలు చేతులకు బేడీలతో సీట్లలో పడివున్న ఫోటోలు అందరూ చూశారు. తెలంగాణ రాష్ట్రం వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. 2007 పిల్లల కోసం మాట్లాడిన మాలో చాలామంది ఆలేరు గురించి నోరు విప్పలేదు. ఎందుకు? వాళ్ల మీద పోలీసులను చంపిన కేసులున్నాయి. వాళ్లు నిర్దోషులని మేం గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పలేం. నిర్దోషి అయితేనే మాట్లాడాలన్నది మాకు తెలియకుండానే మేం ఒప్పుకున్న షరతు. చూశారా, సర్టిఫికెట్ భాష మా నోట్లోకే వచ్చేసింది. వాళ్లు దోషులా కాదా అని తేల్చడానికే కదా ఆ వ్యాన్ కోర్టుకు పోతున్నది. దోషికి కూడా కోర్టు దాకా బతికుండే హక్కు ఉంటుందన్న మాట అనలేనప్పుడు, నిర్దోషి గురించి మేం పెట్టే గగ్గోలుకు విలువెంత?

ఇంకొంచెం వెనక్కి పోదాం. అప్పట్లో ఆలేరు ఉన్న నల్లగొండలో, కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో ‘ఎదురుకాల్పుల’ వార్తలు దశాబ్దాల పాటు పేపర్లో రోజూ వచ్చాయి. చచ్చిపోయింది మాలలు, మాదిగలు, గొల్లలు, లంబాడాలు. కన్నబిరాన్ కోర్టుల్లో, బాలగోపాల్ ఊరూరా తిరిగి, చనిపోయినవాడు ఏ పార్టీ అని చూడకుండా ఒకే ప్రశ్న అడిగారు. చంపే హక్కు మీకు ఎవరిచ్చారు? ఆ ప్రశ్న అడగడానికి మేం ఎంతమందిమి వెళ్లాం? మనకెందుకులే, అది అన్నల గొడవ అనుకున్నాం. జుమా నమాజు చేసుకుని ఇంటికొచ్చి అన్నం తిన్నాం. అక్కడ తర్ఫీదు పొందిన చెయ్యే తర్వాత మా తలుపు తట్టింది. మా మీద పడినప్పుడే చట్టం చెడ్డదయిందనుకోవడం మా తప్పు. పట్నం మేధావులు కొందరు మా కోసం ముందుకు వచ్చినప్పుడు, వాళ్లు నేర్చుకున్నది ఆ పల్లెల శవాల దగ్గరే అని మాకు అప్పుడు తెలియదు.

ఇప్పుడు చట్టం మమ్మల్ని దాటి పోతోంది. 1986 నాటి పీడీ యాక్ట్ సారా కాచేవాళ్లకు, రౌడీలకు, భూకబ్జాదారులకు అని తెచ్చింది. తెలంగాణలో దాన్ని సాగదీసి నకిలీ విత్తనాలు అమ్మేవాడి దాకా తెచ్చారు. రైతుకు కోపం ఉంటుంది కాబట్టి చప్పట్లు కొట్టారు. విత్తనం మోసానికి చట్టం లేదా? ఉంది. కోర్టు లేదా? ఉంది. కానీ ఏడాది పాటు విచారణ లేకుండా లోపల వేయడం సులువు. 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తెలంగాణలో ఈ చట్టాన్ని విచక్షణ లేకుండా వాడుతున్నారని గట్టిగా మందలించింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో టెర్రరిజం 113వ సెక్షన్ అయింది. దొంగతనం, దొమ్మీ, మోసం ఉన్న పుస్తకంలోనే అదీ ఒక సెక్షన్. ఇక ఒక్క ప్రత్యేక చట్టాన్నే వేలెత్తి చూపించడానికి కూడా లేదు. పోలీసు చర్య అని పేరు పెట్టినప్పుడు మొదలయిన పని పూర్తయింది.

మెజారిటీ మిత్రులు అంటారు, తప్పు చేయనివాడికి భయమెందుకని. మంచి ప్రశ్నే. మీరు పట్నంలో మీ అబ్బాయికి గది కిరాయికి వెతికినప్పుడు ఓనరు మొదట పేరు అడిగాడా, జీతం అడిగాడా? మా పిల్లలను పేరు అడిగి, ఆ తర్వాత ‘ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం’ అంటారు. ఆ ఓనరు మతోన్మాది కాదు. పాపం, మంచివాడే. ‘రేపు పోలీసులు వస్తే నాకెందుకు తిప్పలు’ అనుకుంటాడు, అంతే. చట్టం మా ఇంటికి రావాల్సిన పని లేదు, ఓనరు గుండెలో కూర్చుంటే చాలు. 2007 తర్వాత కొన్ని నెలలు ఒక ఠాణా నుంచి వచ్చి పట్నంలో గదులు తీసుకున్న మా పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుపోయారు. మర్యాదగానే రాసుకున్నారు. చాయ్ కూడా తాగిపోయారు. ఆ కాగితం ఇప్పుడు ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

మా నియోజకవర్గం పేరు ఇబ్రహీంపట్నం. కుతుబ్‌షాహీ ఇబ్రహీం పేరు. తెలుగు కవులు ఆయన్ని సొంతం చేసుకుని మల్కిభరాముడని పిలుచుకున్నారు. పేరు మార్చుకోమని ఆయన్ని ఎవరూ అడగలేదు, వాళ్లే ప్రేమతో తమ నోటికి తగ్గట్టు మలుచుకున్నారు. ఈ రోజు మా పిల్లలు ఫోన్‌లో ఉద్యోగానికి మాట్లాడేటప్పుడు ఇంటిపేరు మింగేస్తారు. గడ్డం పెంచాలంటే ఇంట్లో పెద్ద చర్చ జరుగుతుంది. వద్దనేది మామూలుగా అబ్బా కాదు, అమ్మీ. దీన్ తెలియక కాదు, ఐదు పూటల నమాజీ ఆమె. ఉర్దూ పేపరు బస్సులో తెరవరు. వాట్సాప్‌లో ఎవరైనా గొడవ మాట పెడితే గ్రూపు నుంచి బయటకు వచ్చేస్తారు. ఈ జాగ్రత్తలన్నీ ఏ సెక్షన్‌లోనూ లేవు. ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు. మేమే రాసుకున్నాం, మేమే అమలు చేస్తున్నాం, మేమే పొడిగిస్తున్నాం.

మొన్న పొద్దున మా బస్టాపులో కాలేజీకి పోతున్న పిల్లవాడికి తల్లి టిఫిన్ డబ్బా అందించింది. ‘తిన్నాక డబ్బా మర్చిపోకు’ అనలేదు. ‘ఆధార్ కార్డు పెట్టుకున్నవా బేటా?’ అంది. వాడు విసుక్కోలేదు. చొక్కా జేబు మీద రెండుసార్లు తట్టి చూపించి దిల్‌సుఖ్‌నగర్ బస్సు ఎక్కాడు.